ఏ పనికి ఏ సైటు? బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం ఒక పోలిక

"మంచి వెబ్‌సైటు ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లకు నేను వెంటనే పేరు చెప్పను. చూసి తెలుసుకోవడానికా, చూసి డబ్బు కట్టడానికా అని అడుగుతాను. ఈ రెండు పనులకూ ఒకే సైటు సరిపోవడం అరుదు. పోరంకిలో ఫ్లాట్లు ఎంతెంత చెబుతున్నారో చక్కగా చూపించే సైటు, ఆ ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వొచ్చో లేదో చెప్పలేదు.

రికార్డు ఎవరి చేతిలో పుడుతుందో వాళ్ల సైట్లు కొన్ని: రిజిస్ట్రేషన్ శాఖ, రైల్వే, కోర్టులు. ఇవి చూడ్డానికి ముచ్చటగా ఉండవు. క్యాప్చా మళ్లీ మళ్లీ కొట్టిస్తాయి, సరిగ్గా మనకు పని పడ్డ రోజే సర్వర్ మొరాయిస్తుంది. ఆ సమాచారాన్నే తెచ్చి తేలిగ్గా చూపించేవాళ్ల సైట్లు మరికొన్ని. వీటిలో వెతకడం సుఖం. కానీ వాళ్లకు తిండి పెట్టేది ప్రకటనలో కమీషనో కాబట్టి, అన్నిటికన్నా పైన కనపడేది మనకు కావలసిందే అవ్వాలని లేదు. అవసరాల విషయంలో నా పద్ధతి ఇది: వెతుకులాట తేలిక సైట్లలో, నిర్ణయం రికార్డు సైట్లలో. సరదాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దాని సంగతి కింద చెబుతాను.

ముందు అడ్రసు చదవడం

రాష్ట్ర ప్రభుత్వ సైట్ల అడ్రసులు చాలావరకు ‘డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తాయి. కేంద్రానివి ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అనో ‘డాట్ నిక్ డాట్ ఇన్’ అనో ఉంటాయి. ఇక్కడ చూసుకోవాల్సింది చుక్క. గవ్‌కు ముందు చుక్క ఉండాలి. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత కనపడితే అది ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోగలిగిన పేరు, ప్రభుత్వానిది కాదు. ఐఆర్‌సీటీసీ, ఆర్టీసీ టికెట్ల సైటు లాంటివి మాత్రం గవ్ లేకపోయినా అసలువే. అందుకని వాటిని ఒకసారి సరిచూసుకుని బుక్‌మార్క్ చేసుకుంటే, ప్రతిసారీ గూగుల్‌లో కొట్టి పైన వచ్చిన ప్రకటన మీద నొక్కే ప్రమాదం తప్పుతుంది.

మనవైపు వాళ్లకు ఇంకో చిక్కుంది. భాష ఒకటి, రాష్ట్రాలు రెండు. ‘భూమి రికార్డులు’ అని తెలుగులో వెతికితే తెలంగాణ వాళ్ల ధరణి గురించి, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన భూభారతి గురించి పేజీలు కుప్పలుగా వస్తాయి. తెనాలి పొలం వివరాలు భూభారతిలో ఎంత వెతికినా దొరకవు. వెతికే మాటలకు ముందు ‘ఏపీ’ చేర్చండి. చిన్న పనే, చాలా సమయం మిగులుతుంది.

దొంగ సైటులో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఇల్లు, స్థలం, పొలం

తప్పు సైటును నమ్మితే ఎక్కువ నష్టపోయేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా.

ఫ్లాటు వెతికేవాళ్లు మ్యాజిక్‌బ్రిక్స్, 99ఎకర్స్, నోబ్రోకర్ లాంటివి చూస్తారు. చూడాల్సిందే. కానూరు, గొల్లపూడి, తాడేపల్లి, గుంటూరు గోరంట్ల వైపు ఏ ధరలు నడుస్తున్నాయో అరగంటలో ఒక అంచనా వస్తుంది. అయితే అక్కడ కనపడేది అమ్మేవాళ్లు అడుగుతున్న ధర. అమ్ముడైన ధర వేరు. పైగా ఎస్‌ఎఫ్‌టీ అని వేసే అంకెలో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలిసి ఉంటుంది. గోడల మధ్య మనం తిరిగే జాగా అంతకన్నా బాగా తక్కువ.

కొత్త ప్రాజెక్టు అయితే ఆ తర్వాత తెరవాల్సింది ఏపీ రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నమోదు చేసుకుని అదుపు చేసే సంస్థ) సైటు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టును నమోదు చేయకుండా బిల్డరు ప్రకటన కూడా ఇవ్వకూడదు. కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే జాగా), మంజూరైన ప్లాను, ఎప్పటికి పూర్తి చేస్తానన్న తేదీ అక్కడ దొరుకుతాయి. బ్రోచర్‌లో అంకెను అక్కడి కార్పెట్ ఏరియాతో పోల్చి చూడండి. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా చట్టం మినహాయింపు ఇచ్చింది. మన సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు కొన్ని అందుకే రెరాలో కనపడవు. కనపడనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. కాకపోతే అలాంటప్పుడు మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాను కాగితం చేతికిచ్చి చూపించమనాలి.

పాత ఇల్లు, స్థలం, పొలం అయితే రెండు సైట్లు: రిజిస్ట్రేషన్ శాఖ వారి ఐజీఆర్‌ఎస్, రెవెన్యూ వారి మీభూమి. ఒకదాంట్లో చూస్తే చాలదా అంటారు. చాలదు. ఎవరు ఎవరికి ఎప్పుడు రాసిచ్చారన్నది ఐజీఆర్‌ఎస్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీస్తే తెలుస్తుంది. పట్టాదారుగా ఎవరి పేరు నడుస్తోంది, సాగులో ఎవరున్నారు అన్నది మీభూమిలో 1-బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) చూస్తే తెలుస్తుంది. రెండు చోట్లా అమ్మే మనిషి పేరే ఉంటే సగం నిశ్చింత. ఈసీలో ఒక పేరు, 1-బిలో ఇంకో పేరు ఉంటే మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించుకోకపోయైనా ఉండాలి, అన్నదమ్ముల తగాదా అయినా ఉండాలి. ఏదో తేలేదాకా బయానా ఇవ్వకండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు, ఒక్కో భూమి ముక్కకు కొత్తగా ఇచ్చే ఎల్పీఎం నంబరు వచ్చింది. తాతల నాటి దస్తావేజులో నంబరు కొట్టి "మా పొలం కనపడట్లేదు" అని బెంబేలు పడేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి. పట్నంలో ఇంటికి మీభూమితో పెద్దగా పనుండదు.

ఐజీఆర్‌ఎస్‌లోనే 22-ఎ నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంది. ఈసీ శుభ్రంగా ఉన్న స్థలం ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఈ రెండూ ఒకే పూట చూసేయొచ్చు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

ఈసీలో కనపడనివి కూడా ఉన్నాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు కనపడవు. కోర్టులో నడుస్తున్న దావా కనపడకపోవచ్చు. దానికి ఈ-కోర్ట్స్ సైటులో జిల్లా ఎంచుకుని అమ్మేవాళ్ల పేరుతో వెతకవచ్చు. ఇంగ్లీషులో ఇంటిపేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ కొట్టి చూడాలి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నారేమో చూడటానికి సెర్సాయ్ అని కేంద్ర రిజిస్ట్రీ ఉంది, కొద్దిపాటి రుసుము కట్టాలి. ఇవన్నీ చూసినంత మాత్రాన వకీలు అక్కర్లేదని కాదు. వకీలు దగ్గరికి ఉత్త చేతులతో కాకుండా ప్రశ్నలతో వెళతాం, అంతే.

మిర్చి ధర, వాన కబురు

గుంటూరు యార్డు ధరలు తెల్లారేసరికి వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. తేజ రకం ఇంత, 334 రకం ఇంత, బాడిగ రకం ఇంత అని. వేగంలో వాటికి సాటి లేదు. వాటితో తంటా ఏమిటంటే, ఎక్కువగా తిరిగేది గరిష్ఠ ధర. యార్డులో ఆ రోజు ఒకరిద్దరి మేలు రకం సరుక్కి పలికిన రేటు అది. దాన్ని చూసి కోల్డ్ స్టోరేజీలో ఉన్న బస్తాలు దించినవాళ్లకు తమ కాయకు ఆ రేటు రానప్పుడు కమీషన్ ఏజెంటు మీద కోపం వస్తుంది. ఒక్కోసారి ఆ కోపంలో న్యాయం ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ కాస్త ఆలస్యంగా వస్తుంది కానీ ప్రతి మార్కెట్‌కూ వచ్చిన సరుకు, కనిష్ఠం, గరిష్ఠం, వీటితో పాటు మోడల్ ధర ఇస్తుంది. ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో చెప్పేది మోడల్ ధర. మన కాయ మధ్యరకం అయితే మనకు వర్తించేది అదే. పాత తేదీలు వేసి పోయిన ఏడాది ఇదే వారం ఎలా ఉందో కూడా చూడొచ్చు. అమ్మాలా ఆగాలా అని తేల్చుకునేటప్పుడు ఈ పాత లెక్క విలువ పొద్దున వచ్చిన ఫార్వర్డుకు ఉండదు. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ (కేంద్రం వారి ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) సైటు వేలం జరిగే మార్కెట్ల మధ్య ధరలు పోల్చుకోవడానికి బాగుంటుంది. ఇంతకీ తాలు కాయ (రంగు పోయిన నాసిరకం) ధరను తేజ ధరతో పోల్చుకుని బాధపడేవాళ్లను ఏ సైటూ కాపాడలేదు. రకం ఏదో చూసుకుని చదవాలి.

కళ్లంలో కాయ ఆరబోసినవాళ్లకు ధరకన్నా వాన ముఖ్యం. విండీ అనే వాతావరణ సైటు చూడ్డానికి ఎంత బాగుంటుందో! మేఘాలు కళ్లముందే కదులుతాయి. అది చూపించేది కంప్యూటర్ మోడళ్ల అంచనా మాత్రమే. ఒక మోడల్ వాన అంటే ఇంకోటి కాదంటుంది. రెండింటినీ మార్చి చూసి రెండూ వాన అన్నప్పుడు కాయ మీద టార్పాలిన్ పట్టాలు కప్పడం మంచి పద్ధతి. వాతావరణ శాఖ, వ్యవసాయ పరిశోధనా మండలి కలిసి నడిపే మేఘదూత్ యాప్‌లో జిల్లావారీ అంచనాతో పాటు పంటల సలహా వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. తుపాను విషయంలో మాత్రం విండీ, యూట్యూబ్ అన్నీ పక్కన పెట్టి వాతావరణ శాఖ బులెటిన్, రాష్ట్ర విపత్తుల సంస్థ హెచ్చరిక చూడండి. బెజవాడ వాళ్లకు ఒక మాట. ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం చూసి నిశ్చింతగా పడుకోవద్దు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు. దాని లెక్క వేరు.

ప్రయాణం, మందులు, చదువు

రైలు ఎక్కడుందో చూడటానికి రైల్వే వారి ఎన్‌టీఈఎస్ చాలు. టికెట్ ఐఆర్‌సీటీసీలోనే. తత్కాల్ ఏసీకి పొద్దున 10కి, నాన్ ఏసీకి 11కి తెరుచుకుంటుంది, ఇప్పుడు ఆధార్ ధ్రువీకరణ కూడా ముందే చేసి ఉంచుకోవాలి. వెయిటింగ్ లిస్టు కన్ఫర్మ్ అయ్యే అవకాశం ఇంత శాతం అని చెప్పే సైట్లు పాత లెక్కలు చూసి ఊహిస్తాయి. పెళ్లిళ్ల సీజన్లో, సంక్రాంతికి ఆ ఊహ మీద ఆధారపడితే విజయవాడ జంక్షన్‌లో సామానుతో నిలబడాల్సి వస్తుంది. బస్సుకైతే, ఆర్టీసీ ఎక్కేవాళ్లు ఆర్టీసీ సైటులోనే కొనుక్కోవడం తేలిక. ప్రైవేటు ట్రావెల్స్ అయితే అభిబస్, రెడ్‌బస్. ప్రయాణికులు రాసిన అభిప్రాయాల్లో నక్షత్రాల కన్నా ఈమధ్య నెలలో రాసిన ఫిర్యాదులు చదవండి.

మంగళగిరి ఎయిమ్స్ ఓపీకి కేంద్రం వారి ఓఆర్‌ఎస్ పోర్టల్‌లో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. మందుల ధరలకు ఆన్‌లైన్ మందుల షాపులు చూపించే డిస్కౌంటు కన్నా, ధరల నియంత్రణ సంస్థ వారి ఫార్మా సహీ దామ్‌లో అదే మందు వేరే బ్రాండ్లలో ఎంతుందో చూడటం మేలు. జన ఔషధి సైటులో జనరిక్ ధర, దగ్గర్లో ఉన్న దుకాణం రెండూ దొరుకుతాయి. డాక్టరును అడిగి మార్చుకోండి. జబ్బు గురించి చదువుకోవడానికి అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి మెడ్‌లైన్‌ప్లస్‌లో ప్రకటనలు లేవు. ఇంగ్లీషు కూడా తేలిక. లక్షణాలు గూగుల్‌లో కొట్టి భయపడటం కన్నా అది నయం.

సర్టిఫికెట్లు, బిల్లుల వంటి చిన్న పనులకు ఇంట్లో పెద్దవాళ్లయితే సైట్ల జోలికి పోకుండా 2025 జనవరిలో ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ వాడుకోవచ్చు. నంబరు 95523 00009. అదే పేరుతో వేరే నంబరు నుంచి ఏదైనా వస్తే తాకొద్దు.

పిల్లల చదువుకు ఎక్కువ చెప్పను, కాలేజీల వాళ్లే కావలసినన్ని చెబుతారు. ఇంటర్ ఫలితాల రోజు బోర్డు సైటు మొరాయిస్తే ప్రైవేటు సైట్లలో మార్కులు చూసుకోండి, ఫర్వాలేదు. మెమో మాత్రం బోర్డు దగ్గరో డిజిలాకర్‌లోనో. ఇంజనీరింగ్ పిల్లలకు ఐఐటీల వాళ్ల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. యూట్యూబ్‌లో ఇరవై నిమిషాల్లో చెప్పేదాన్ని అక్కడ గంట చెబుతారు. పరీక్ష ముందు రోజుకు యూట్యూబ్, సెమిస్టర్ మొదట్లో ఎన్‌పీటీఈఎల్.

సరదాలకు వేరే లెక్క

ఇక్కడ ప్రభుత్వ సైటా కాదా అన్నది పెద్ద విషయం కాదు. ఇష్టంతో, విరాళాలతో నడిచే సైట్లే చాలాసార్లు అందరికన్నా ముందుంటాయి.

తెలుగు పుస్తకాల సంగతే చూడండి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగేవాళ్లకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అంతులేని కొట్టు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. వెతకడమే కష్టం. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఎక్కించారు. ‘శ్రీ’ ఒకచోట ఒక రకం, ఇంకోచోట ఇంకో రకం. పుస్తకం పేరు దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ కాకపోతే పేరులో ఒక్క పెద్ద మాటతో వెతకండి. పేజీలు వంకరగా, ఒక్కోటి మాయమై ఉంటాయి. పద్యమో పేరానో కాపీ చేసుకోవాలంటే, మాట వెతుక్కోవాలంటే తెలుగు వికీసోర్స్ మేలు. స్వచ్ఛంద సేవకులు టైపు చేసి దిద్దిన పాఠం అది, పక్కనే స్కాన్ పేజీ కూడా పెట్టి సరిచూసుకోనిస్తుంది. పుస్తకాల సంఖ్య మాత్రం ఆర్కైవ్‌లో నూరో వంతు ఉండదేమో. నేనైతే ముందు వికీసోర్స్ చూసి, లేకపోతేనే ఆర్కైవ్‌లోకి దిగుతాను.

మాటకు అర్థం కావాలంటే ఆంధ్రభారతి. ఒకే చోట మాట కొడితే బ్రౌణ్య నిఘంటువుతో పాటు పాత కొత్త నిఘంటువులు చాలావాటిలోని అర్థాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. సైటు రూపం పాతకాలం నాటిది, ఫోన్‌లో కాస్త ఇబ్బంది. అయినా దానికి పోటీ ఇచ్చేది నాకు కనపడలేదు. ఒక కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో కావాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం సైటు. కొత్తగా రాసినవి చదవాలంటే 1998 నుంచి నడుస్తున్న ఈమాట వెబ్ పత్రిక. ఈ రెండింటికీ పోలిక పెట్టక్కర్లేదు, పనులు వేరు.

చదరంగం దగ్గరికి వస్తే, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ మనవైపు వాళ్లే కాబట్టి ప్రతి వీధిలోనూ ఒక పిల్లో పిల్లాడో బోర్డు ముందు కూచుని ఉంటారు. చెస్ డాట్ కామ్‌లో ఎప్పుడు చూసినా ఆడేవాళ్లు ఎక్కువ, చిన్నపిల్లలకు పాఠాలు హుషారుగా ఉంటాయి. కానీ ఉచితంగా వాడితే పజిల్స్‌కూ ఆట విశ్లేషణకూ పరిమితి ఉంటుంది, కాస్త ముందుకు పోగానే డబ్బు అడుగుతుంది. లీచెస్ లాభం కోసం నడిచేది కాదు. ప్రకటనలు లేవు, పజిల్స్, ఇంజన్ విశ్లేషణ, ఓపెనింగ్‌ల పట్టిక అన్నీ ఉచితం. కోచ్ ఉన్న పిల్లలకు లీచెస్ చాలు. కోచ్ లేకుండా సొంతంగా మొదలుపెట్టే ఏడెనిమిదేళ్ల పిల్లలను చెస్ డాట్ కామ్ ఎక్కువ కాలం కూచోబెడుతుంది. రెండింటి రేటింగులూ ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) రేటింగుతో పోల్చుకుని పిల్లల్ని పొగడొద్దు, తిట్టొద్దు. అసలు రేటింగు ఫిడే సైటులో ఉంటుంది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు పక్షుల చెరువుకు వెళ్లేవాళ్లకు రెండు సైట్లు పోటీ. కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం వారి ఈబర్డ్ పక్షులకే పరిమితం. ఏ చోట ఏ వారం ఏ పక్షి కనపడుతుందో గీతల పట్టికలో చూపిస్తుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఎప్పుడు నిండుగా ఉంటాయో వెళ్లే ముందే తెలుసుకోవచ్చు. ఐనాచురలిస్ట్‌లో పక్షే కాదు, పురుగు, పాము, గడ్డిమొక్క ఏదైనా ఫోటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. పక్షి పేరు తెలియని రోజుల్లో ఐనాచురలిస్ట్, తెలిశాక లెక్క రాసుకోవడానికి ఈబర్డ్.

అమరావతి శిల్పాలు చూడాలనుకునేవాళ్లకు బ్రిటిష్ మ్యూజియం సైటును మించింది లేదు. ఈ మాట అనడం అంత సంతోషంగా ఏమీ లేదు. మన స్తూపం పలకలు నూరుకు పైగా అక్కడున్నాయి, ఒక్కొక్కదానికీ పెద్ద ఫోటో, కొలతలు, ఎక్కడ దొరికిందన్న వివరం ఉన్నాయి. ఎన్నో శిల్పాలున్న చెన్నై మ్యూజియానికి మాత్రం స్వయంగా వెళ్లాలి. సర్వే అధికారి కల్నల్ మెకంజీ 1816 నుంచి వేయించిన స్తూపం చిత్రాలు లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి దాని ఆన్‌లైన్ సేకరణలు నెలల తరబడి తెరుచుకోలేదు. కాబట్టి పనికొచ్చిన పేజీ కనపడగానే, అది లాగిన్, క్యాప్చా అడగనిదైతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అడ్రసు అతికించి దాచిపెట్టండి. ఈసీ, 1-బి లాంటివి అందులో దాగవు. వాటిని తీసిన రోజే పీడీఎఫ్ దించుకుని, ఫైలు పేరులో తేదీ వేసుకోండి.